పలాస – ఉద్దానము : ఒక పట్టణపు ఆనవాళ్ళు

"మా ఊరిని గూర్చి కూడ ఒక ప్రసంగము ఏర్పాటు చేయరాదా?" అని శ్రోతలు మమ్ము అడుగుచుందురు. శ్రీకాకుళము జిల్లాలో శ్రీముఖలింగమును గూర్చి, అరసవల్లిని గూర్చి, శాలిహుండమును గూర్చి చెప్పుటకు పండితులకు కొదవ లేదు. పలాసను గూర్చి చెప్పుడనగా మాత్రము వారు కొంచెము వెనుకాడుదురు. హౌరా నుండి చెన్నపట్టణము పోవు రైలుమార్గమున అందరును ఎరిగిన స్టేషను అది. జీడిపప్పు మాట రాగానే అందరికిని తలపునకు వచ్చు ఊరు అది. అయినను అక్కడ దిగి చూడవలసినది ఏమున్నదని అడిగినచో ఆ ఊరివారే తడుముకొందురు. వేయేండ్ల గోపురము గాని, నడిబజారున రాజుల కోట గాని అక్కడ కానరాదు.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు మన పాఠకులను ఒక్కమారు చాల దూరము తీసికొని పోవలెనని ఉన్నది. డెన్మార్కు దేశపు నైఋతి మూలను, సముద్రమునకు కొలది దూరములో, రీబె అను చిన్న పట్టణము కలదు. డేనులు మన తూర్పు తీరమునకు బొత్తిగా కొత్తవారు కారు. 1620లో తంజావూరు సీమలోని తరంగంబాడిలో కోట కట్టుకొని, మచిలీపట్టణముతో వర్తకము సాగించి, 1845 వరకు ఆ కోటను నిలుపుకొన్నవారే వారు. ఆ దేశములోని పట్టణములలో మిక్కిలి పాతది రీబె. క్రీస్తుశకము 700 ప్రాంతమున ఏటి ఒడ్డున అంగడిగా వెలసినది.

రీబెకు పోయిన యాత్రికులు మొదట చూచునది అక్కడి పెద్ద చర్చి. 1283లో క్రిస్టమస్ పండుగనాడు దాని గోపురమొకటి కూలిపోగా, ఊరివారు ఆ తావున ఎఱ్ఱని ఇటుకతో వేరొక గోపురము లేపిరి. దానికి పౌరుల గోపురమని పేరు. దాని పైనుండి నలుదిక్కులు కనిపెట్టి, అగ్నిభయము గాని జలభయము గాని కలిగినప్పుడు గంట మ్రోగించెడివారు. పాత సభాభవనపు కప్పు మీద కొంగలు గూడు కట్టెడివి. ఇవన్నియు చూచిన పిమ్మట ఊరివారు యాత్రికుని ఏటి రేవునకు తీసికొనిపోయి ఒక కొయ్యస్తంభమును చూపుదురు. చూచుటకు అది ఏమంత గొప్పది కాదు. దాని మీద అక్కడక్కడ గుర్తులున్నవి. ఏ సంవత్సరపు తుపానులో సముద్రము ఎంత ఎత్తునకు వచ్చినదో తెలుపు గుర్తులవి. అన్నిటికంటె పైనున్నది 1634వ సంవత్సరపు గుర్తు. ఆనాటి పంచాంగము ప్రకారము అక్టోబరు 11వ తేదీ రాత్రి, నీరు సుమారు 6 మీటర్లు పొంగి చర్చిలోనికి వచ్చినది. ఆ తీరమున వేలమంది ఆ ఒక్క రాత్రిలో మునిగిపోయిరి. 20వ శతాబ్ది ఆరంభమున రీబెవారు సముద్రకట్ట కట్టుకొన్నారు. స్తంభమును మాత్రము తీసివేయలేదు. చదువురాని బిడ్డ అయినను దాని ప్రక్క నిలుచుండి తల పైకెత్తి చూచినచో తన ఊరి చరిత్ర తెలియును.

ఒక పట్టణములో చూడదగినది ఏది అను ప్రశ్నకు ఈ కొయ్యస్తంభము మాకు మంచి సమాధానముగ తోచినది. ఆ ఊరు దేనివలన పుట్టినదో, దేనివలన బ్రతుకుచున్నదో, దేనికి భయపడినదో తెలుపు ప్రతి వస్తువును ఆ ఊరికి ఆనవాలే. ఈ కన్నుతో పలాసను, దానిని ఆనుకొనియున్న ఉద్దానమును ఇప్పుడు చుట్టివత్తము.

మొదట ఆ సీమ స్వరూపము తెలియవలెను. పడమట తూర్పు కనుమలు, తూర్పున బంగాళాఖాతము. నడుమ సన్నని నేలపట్టీ. ఆ పట్టీలో సముద్రమునకు దగ్గరగ ఇసుకనేలలలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ దట్టముగ పెరిగిన భాగమునకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే ఇట్లు మారినదని పెద్దలు చెప్పుదురు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మొదలగు ప్రాంతములు ఇందులోనివి. పలాస ఆ తోటలకు వాకిలి వంటిది. రైలుస్టేషను వైపు పలాస, పెద్దరహదారి వైపు కాశీబుగ్గ. ఒకప్పుడు వేరువేరుగ నున్న ఈ రెండు ఊళ్ళు పెరిగి, ఒకదానినొకటి తాకి, నేడు ఒక్క పురపాలక సంఘముగ నున్నవి. పలాశమనగా మోదుగ; బుగ్గ అనగా నీటి ఊట. ఒక పేరులో చెట్టు, రెండవ పేరులో నీరు. ఈ సీమ కథ యంతయు ఈ రెండింటి కథయే యని మునుముందు తెలియగలదు.

ఆకాశము తేటగ నున్న దినమున పడమటి వైపు చూచినచో మహేంద్రగిరి కనబడును. ఎత్తు 1501 మీటర్లు. నేడది ఒడిస్సా రాష్ట్రపు గజపతి జిల్లాలోనిది. పరశురాముడు అక్కడ తపస్సు చేయుచున్నాడని జనుల నమ్మకము. కాళిదాసు రఘువంశమున రఘుని దిగ్విజయము చెప్పుచు కళింగ దేశమునకు గుర్తుగ ఈ పర్వతమునే పేర్కొన్నాడు. ముఖలింగము రాజధానిగ ఏలిన తూర్పు గాంగులు ఈ కొండపైనున్న గోకర్ణేశ్వరుని తమ కులదైవముగ తామ్రశాసనములలో కీర్తించిరి. ఈ కొండనుండి పుట్టిన మహేంద్రతనయా నది బారువ యొద్ద సముద్రములో కలియును. కావున పలాసకు పాత గోపురము లేదన్న కొరతను ఈ కొండ చాలవరకు తీర్చుచున్నది.

కొండకును సముద్రమునకును నడుమ మందస కలదు. పలాస నుండి కొలది దూరము. అక్కడ జమీందారుల కోట, వాసుదేవ పెరుమాళ్ళ ఆలయము చూడదగినవి. ఆలయము కళింగ శిల్పరీతిలో కట్టబడినది. చాలకాలము శిథిలముగ నుండి, ఇటీవలి దశాబ్దములలో జీర్ణోద్ధరణ పొందినది. సంస్కృత విద్యకును వైష్ణవ శాస్త్రములకును మందస ఒకప్పుడు పేరొందిన తావు. నేటి ప్రయాణికులు మాత్రము మందస పేరు చెప్పగానే కోవా అడుగుదురు. అదియును ఒక ఆనవాలే.

దక్షిణమునకు పోయినచో టెక్కలి. దానికి చేరువనున్న రావివలస ఎండల మల్లికార్జునస్వామి సన్నిధి ఆశ్చర్యకరమైనది. అక్కడి మహాలింగమునకు పైకప్పు లేదు. ఎండయు వానయు నేరుగ స్వామిపై పడును. కప్పు వేయవలదని స్వామియే కలలో చెప్పినాడని భక్తుల మాట. ఆ ప్రాంతముననే తేలినీలాపురము కలదు. ఏటేట వానకాలపు చివర గూడబాతులును ఎఱ్ఱకాళ్ళ కొంగలును వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచుకొని వేసవి నాటికి తరలిపోవును. అవి రానియేడు ఊరికి మేలుకాదని గ్రామస్థులు తలతురు. చెట్టు క్రింద రాలిపడిన పిల్లను ఆడపడుచు పురిటికి వచ్చినట్లు చూచుకొందురు. రీబెలో ఇంటికప్పున కొంగ, తేలినీలాపురములో పెరటి చింతపై కొంగ. శుభశకునమన్న భావము మాత్రము ఒక్కటియే.

పలాసను పట్టణముగ చేసినది రైలు. 1890వ దశకమున బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము వేయబడినది. అంతకు పూర్వము ఈ ప్రాంతపు సరకు బారువ, కళింగపట్టణము రేవుల నుండి ఓడలలో పోయెడిది. జనులును ఆ దారినే రంగమునకు పోయెడివారు. బర్మాలోని రంగూనునే మన ఉత్తరాంధ్ర జనులు రంగమందురు. అక్కడి ధాన్యపు మిల్లులలోను, రేవులలోను పనిచేసి నాలుగు డబ్బులు కూడబెట్టుకొని వచ్చుట ఆనాటి ఆనవాయితీ. 1942లో జపానువారి దండయాత్రతో ఆ బ్రతుకు తెగిపోయినది. వేలమంది తెలుగువారు అడవులవెంట కాలినడకన స్వదేశము చేరవలసివచ్చినది. ఓడ పోయి రైలు వచ్చినను వలస మాత్రము ఆగలేదు. నేటికిని పలాస స్టేషనులో సాయంకాలము నిలుచున్నచో, హైదరాబాదుకో, ముంబయికో, చెన్నైకో పనికి పోవు కుఱ్ఱవారిని సాగనంపుటకు వచ్చిన తల్లులు కనబడుదురు.

పెద్ద రైలుతోబాటు చిన్నరైలును ఈ సీమకు వచ్చినది. పర్లాకిమిడి రాజావారు పూనుకొని నౌపడ నుండి తమ పట్టణమునకు రెండున్నర అడుగుల వెడల్పుగల పట్టాలు వేయించగా, 1900లో ఆ మార్గమున బండ్లు నడచినవి. 1931 నాటికి అది గుణుపురము చేరినది. ఆ చిన్నబండి నూరేండ్లు కొండజనులను, ఉప్పును, ధాన్యమును మోసి, 2004లో విశ్రాంతి పొందినది. 2011లో ఆ దారినే పెద్దపట్టాల మీద బండ్లు తిరుగ నారంభించినవి. నౌపడ ఉప్పుకొఠారులు అంతకంటెను ప్రసిద్ధములు. 1930లో ఉప్పు సత్యాగ్రహపు కెరటము అక్కడికిని వచ్చినది. బారువలో 1909లో జన్మించి, సర్దారని జనులచే పిలువబడిన గౌతు లచ్చన్నగారు ఆ సత్యాగ్రహముననే ప్రజాజీవితములో అడుగిడిరి.

పలాస ఉన్నచోటనే ఉండి ఎన్ని పాలనలు మారినదో చూడుడు. పూర్వము అది గంజాం జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాము రెండు ముక్కలై, పలాస విశాఖపట్టణము జిల్లాలో చేరినది. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడగా అందులోనికి వచ్చినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము. సరిహద్దు గీత గీసినంత మాత్రమున భాషలు విడిపోవు. నేటికిని ఈ సీమలో ఎన్నో ఇండ్లలో తెలుగును, ఒడియాయును ఒకే పొయ్యి చుట్టు వినబడుచున్నవి.

ఈ ఊరి చరిత్రలో మరువరానిది 1940వ సంవత్సరము. ఆ మార్చి నెలలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగినది. దేశపు నలుమూలల నుండి రైతునాయకులు వచ్చి జమీందారీ విధానమును రద్దుచేయవలెనని ఎలుగెత్తి చాటిరి. అధ్యక్షుడుగ ఎన్నుకొనబడిన రాహుల్ సాంకృత్యాయనుడు అప్పటికే నిర్బంధములో నుండెను. సభ ముగిసిన కొలది దినములకే, ఏప్రిల్ 1వ తేదీన, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురమున కాల్పులు జరిగినవి. అడవికి పోయి నాగలికఱ్ఱ, వంటచెఱకు తెచ్చుకొను హక్కు తమదేయన్న రైతులను నిర్బంధించుటకు పోలీసులు రాగా, ఊరి ఆడువారు బండ్లకు అడ్డము నిలిచిరి. వారిలో ముందు నిలిచిన సాసుమాన గున్నమ్మ ఆనాడు గర్భవతి. ఆమెయు మరికొందరు రైతులును తుపాకిగుండ్లకు బలియైరి. ఎనిమిదేండ్లకు, 1948లో, మదరాసు శాసనసభ చేసిన ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలు అంతరించినవి. వీరగున్నమ్మ పేరిట ఆ ఊర స్మారకము కలదు. మందస కోటను చూచినవారు ఈ స్మారకమును కూడ చూడనిచో ఆ చరిత్రలో సగమే చూచినవారగుదురు.

ఇక జీడిపప్పు మాట. జీడిమామిడి మనదేశపు చెట్టు కాదు. బ్రెజిలు నుండి పోర్చుగీసువారు 16వ శతాబ్దిలో తెచ్చినది. చాకలివారు బట్టలపై గుర్తుపెట్టు నల్లజీడిని మనవారు ముందే ఎరుగుదురు. కొత్తచెట్టు గింజనుండియు ఒడలు కాల్చు రసమే వచ్చుటచేత దానికి జీడిమామిడియని పేరిడిరి. ఇసుకనేలలో నీటికొరతను ఓర్చుకొని పెరుగుటచేత అది ఉద్దానమునకు సొంతచెట్టైనది.

పలాస, కాశీబుగ్గల వీధులలో పోవునప్పుడు మొదట ముక్కునకు సోకునది కాల్చిన పిక్క వాసన. ఎండబెట్టిన జీడిపిక్కలను కాల్చియో, ఆవిరిపట్టియో పెంకు పెళుసు చేయుదురు. పిమ్మట ఒక్కొక్క పిక్కను చిన్నయంత్రములో పెట్టి, పప్పు విరుగకుండ కోయవలెను. ఈ పని చేయువారిలో ఎక్కువమంది స్త్రీలు. పెంకులోని జిడ్డు చేతులను పుండుచేయును గనుక బూడిదయో నూనెయో పూసికొందురు. తీసిన పప్పును వేడిగదిలో ఆరబెట్టి, ఎఱ్ఱని పైపొర ఒలిచి, పరిమాణమునుబట్టి వేరుచేయుదురు. అంగడిలో 180, 240, 320 అని అంకెలు చెప్పుట మన గృహిణులు వినియుందురు. ఒక పౌను తూకమునకు ఎన్ని పప్పులు తూగునో తెలుపు అంకె అది. అంకె చిన్నదైనకొలది పప్పు పెద్దది, వెలయు హెచ్చు. పెంకునుండి తీయు తైలము రంగులలోను, మోటారుబండ్ల బ్రేకులలోను వాడుదురు. స్థానికపు పంట చాలక నేడు ఆఫ్రికా దేశములనుండి కూడ పిక్కలు పలాసకు వచ్చుచున్నవి. ఒకప్పుడు కూలికై సముద్రము దాటిపోయిన సీమకు ఇప్పుడు కూలిపని సముద్రము దాటి వచ్చుచున్నదన్నమాట.

ఇంత పచ్చని సీమను ఒక దుఃఖము వెన్నాడుచున్నది. గత కొన్ని దశాబ్దులుగ ఉద్దానపు పల్లెలలో మూత్రపిండముల వ్యాధి ప్రబలినది. మధుమేహము గాని, రక్తపుపోటు గాని లేనివారికిని, ఎండలో కష్టించు రైతులకు, కూలీలకు ఇది సంక్రమించుట వైద్యులను కలవరపెట్టినది. ఇటువంటి వ్యాధియే మధ్య అమెరికాలోని చెఱకుతోటల కూలీలలోను, సింహళపు వరిపొలములలోను కనబడినది. కారణమిదియని శాస్త్రజ్ఞులు ఇంకను తేల్చలేదు. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండముల పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. వంశధార మీది హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా ఉద్దానపు పల్లెలకు త్రాగునీరు తెచ్చు పథకమును ఆనాడే ప్రారంభమైనది. ఆసుపత్రిని చూడదగిన తావుల పట్టికలో చేర్చుట కొందరికి వింతగ తోచవచ్చును. ఒక ఊరు దేనితో పోరాడుచున్నదో తెలుపు కట్టడము కోటగోడకంటె తక్కువది కాదని మా అభిప్రాయము.

చివరకు సముద్రపు ఒడ్డునకు వత్తము. పలాస నుండి తోటల నడుమ తూర్పుగ పోయినచో వజ్రపుకొత్తూరు మండలములోని అక్కుపల్లి వచ్చును. శివసాగర తీరమని పిలుచు ఆ ఇసుకతిన్నెలపై సెలవుదినములలో పలాసవారు పిల్లలతో వచ్చి ప్రొద్దుపుచ్చుదురు. ఒడ్డున మత్స్యకారుల తెప్పలు, వెనుక కొబ్బరితోటలు. ఈ తీరమునకే 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినది. తిత్లీయనగా సీతాకోకచిలుక. పలాస చేరువలో గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో, నడుమనడుమ 165 వరకును వీచుచు, ఆ గాలి తీరము దాటినది. తెల్లవారి చూచుకొనునప్పటికి కొబ్బరిచెట్లు లక్షలకొలది నేలవాలి యుండెను. జీడితోటలు, పనసలు వేళ్ళతో లేచిపోయినవి. దినములకొలది దీపములు లేవు, త్రాగునీరు లేదు. నాటుకొబ్బరి మొక్క కాపునకు రావలెనన్న ఆరేడేండ్లు పట్టును. తాత నాటిన చెట్టుమీద మనుమడు బ్రతుకు సీమలో ఒక తోట పడిపోవుట ఒక తరము పడిపోవుటయే. ఆ యేడాది తోట పోయినవారిలో ఎందరో పలాస స్టేషనుకు మూటలతో వచ్చిరి.

ఆ తేదీని పాఠకులు గమనించియుందురు. రీబె స్తంభముపై అన్నిటికంటె ఎత్తున నున్న గుర్తును అక్టోబరు 11వ తేదీదే. 384 ఏండ్ల ఎడము, పంచాంగముల భేదము, ఖండాంతర దూరము. అయినను రెండు తీరములలోను ఆ రాత్రి జనులు తలుపులు బిగించుకొని ఒకే శబ్దమును వినియుందురు. వారి గుర్తు రేవులో నిలిచియున్నది. మన గుర్తు పెద్దల మాటలలో మాత్రమే కలదు. పడిన చెట్లను కోసి తీసివేసినారు, కొత్తమొక్కలు నాటినారు. పదేండ్ల బాలునికి ఆ రాత్రి ఇప్పటికే కథగ మారినది.

అక్కుపల్లి ఒడ్డున గాని, పలాస స్టేషను ముంగిట గాని ఒక స్తంభము నిలుపుట పెద్దఖర్చు కాదు. నేలకొరిగిన ఒక కొబ్బరిమాను చాలును. దానిపై 2018 అక్టోబరు 11 అని చెక్కి, గాలివేగము వ్రాసి, పై తుపానులకు చోటు విడిచిపెట్టినచో చాలును. అది ప్రదర్శనకు గాదు. గుర్తున్న ఊరు హెచ్చరికను వినును. మరచిన ఊరు "ఎన్ని రాలేదు" అని తలుపు వేసికొని పడుకొనును. తుపాను హెచ్చరికలను చదువునప్పుడు మా మనస్సును బాధించు సంశయమిదియే. మేము చదివిన అంకె విన్నవారి కన్నులకు కట్టునా? గంటకు 150 కిలోమీటర్లని మేమన్నప్పుడు, ఆ స్తంభమును రోజును చూచు బాలుడు "ఓహో, ఆనాటి గాలి" అని తెలిసికొని తల్లిని లేపగలడు.

అట్టి రాత్రులలో విద్యుత్తు పోవును, సెల్లుఫోను మూగపోవును. బ్యాటరీతో పనిచేయు చిన్నరేడియో మాత్రము మాటాడుచుండును. రీబె గోపురపు గంట చేసిన పనిని నేడది చేయుచున్నది. కావున పలాసలో చూడదగినదేమని అడుగువారికి మా సమాధానమిది: మహేంద్రగిరిని చూడుడు, మందస ఆలయమును చూడుడు, వీరగున్నమ్మ స్మారకము యొద్ద ఒక్క నిమిషము నిలువుడు. జీడిపిక్క కోయు తల్లుల చేతులను చూడుడు. అక్కుపల్లి ఒడ్డున ఏ మాను ఏ గాలికి పడినదో అక్కడి పెద్దలనడిగి తెలిసికొనుడు. ఇంటికి వచ్చినపిదప, వానకాలము ముగియకముందే, మీ రేడియోలో కొత్త బ్యాటరీలు వేసికొనుడు.